పాతచీరలమ్మ పాటలో రాయని పుట

పూర్వం చింతవాగు సీమను రాచలింగ భూపతి పాలిస్తున్న కాలంలో, వాగు ఒడ్డున ఉన్న ఎర్రకొండ మీద వెలసిన అమ్మవారికి ఏటా జాతర జరిగేది. అమ్మవారు కొండెక్కిన కథను పాటగా పాడితే తప్ప ఆనాడు గుడి తలుపు తెరిచే ఆచారం లేదు. పాట రాసి ఉన్న తాళపత్రాలు శిథిలమైపోగా, కొండకింది పల్లెలో నాంచారవ్వ అనే వృద్ధురాలి నోట మాత్రమే అది మిగిలింది. వయసు మీదపడుతున్నకొద్దీ ఆమెకు చరణాలు జారిపోసాగాయి. పొయ్యి మీద కుండ పెట్టి పాట అందుకుంటే, అన్నం మాడిన వాసన వస్తున్నా తరువాతి మాట దొరకక అలాగే నిలబడిపోయేది. తాను పోవడానికి ఆమె జంకలేదు గాని, తనకంటే ముందే పాట పోతుందేమోనని లోలోపల వణికేది.

సంగతి విన్న భూపతి, తాళవృక్షాలు లేని ఆ మెట్టసీమలో పాటను కాగితం మీద రాయించాలని సంకల్పించి, గుడ్డపీలికలు దంచి కాగితం తీసే దావూద్ సాహెబును పిలిపించాడు. అమ్మవారి పాటకు కట్టి విడిచిన గుడ్డ మైల అని తలచి, తన భాండాగారం నుంచి కొత్త పట్టుచీరలు పంపాడు. పట్టుతో ఎన్నడూ పనిచేసి ఎరుగని సాహెబు కూడా, కాగితం తళతళలాడుతుందని మురిసిపోయి వాటిని ముక్కలు చేసి నానబెట్టాడు. ఎంత దంచినా ఆ పట్టు పోగులుగా విడిపోయిందే గాని గుజ్జు కాలేదు. కాగితం తీసే జల్లెడలాంటి తెర మీద పరిస్తే ఆరీ ఆరకముందే రాలిపోయింది.

రోజూ వచ్చి చూసిపోతున్న నాంచారవ్వకు ఓపిక నశించింది. "సాయెబూ, నీ పట్టు మెత్తబడేలోపల నా మతి మెత్తబడ్తది" అని, ఒక మూటను అతని ముందు దించింది. అందులో తాను కట్టి కట్టి చివికిన నూలుచీరలు, ఇరుగుపొరుగు ఇళ్ళలో అడిగి తెచ్చిన పాత పక్కగుడ్డలు ఉన్నాయి.

"ఇవి అమ్మవారికా? దొర నా చేతులు నరికిస్తడు అవ్వా!"

"ఆమె ఆడమనిషి గాదా? పాతచీర మెత్తదనం ఆమెకు తెల్వదా? నానబెట్టు."

ఆ నూలు నలిగి మీగడలాంటి గుజ్జయింది. కాగితాలు ఆరేవేళకు భూపతి స్వయంగా వచ్చి, విషయం తెలిసి మండిపడి, వాటిని వాగులో పారవేయమన్నాడు. నాంచారవ్వ చేతులు జోడించి, "పారేయించుండ్రి దొరా. జాతరనాడు పాట మీరే పాడుండ్రి" అన్నది. భూపతి ఆరుతున్న ఒక కాగితాన్ని వేళ్ళతో తడిమి చూశాడు. తరువాత అక్కడే రాతి మీద కూర్చుని లేఖకుణ్ణి పిలిపించాడు.

నాంచారవ్వ పాడింది, లేఖకుడు రాశాడు. అమ్మవారు కొండ కొసకెక్కి, వెనుదిరిగి ఊరివారితో ఒక మాట పలికే చరణం దగ్గర ఆమె గొంతు ఆగింది. మొదటి నుంచి మళ్ళీ పాడినా అక్కడే ఆగింది. లేఖకుడు జాలిపడి, "నేనేదైనా కూర్చి నింపనా అవ్వా?" అన్నాడు.

"వద్దు బిడ్డా. నాకు యాదిలేదు గాని, అమ్మ పలికింది నిజం. ఆ పుట ఆమెకే విడిచిపెట్టు" అని, కన్నీళ్ళు తుడుచుకుని తరువాతి చరణం అందుకుంది.

అప్పటినుంచి ఆ దేవతను పాతచీరలమ్మ అంటారు. ఆ కొండ మీద కొత్త చీర సమర్పించే ఆచారం నేటికీ లేదు. కట్టి విడిచిన నూలుచీరనే ఉతికి ఇస్తారు. అచ్చు వచ్చాక, ఆ పాట చౌకరకం కాగితం మీద చిన్న పుస్తకమై జాతరలో ప్రతి చేతికీ అందుతున్నది. ముద్రాపకులు ఎందరు మారినా, నడుమ ఒక పుట తెల్లగానే ఉంటుంది. పాట అక్కడికి రాగానే డప్పులు ఆగుతాయి. కొండ మీది జనమంతా ఆ తెల్లని పుటను కళ్ళకద్దుకుని కాసేపు నిలబడి, ఆ తరువాతే పాట కొనసాగిస్తారు.