జీపు షెడ్డులో నీళ్ళగిన్నె

ఆ చలికాలం ఆశ్రమంలో శిష్యుడు సోమలింగానికి కంటి మీద కునుకు లేదు. కొండ మీది ఊరంతా కలిసి విత్తనపు బంగాళదుంపలు తెచ్చి అతని చేతిలో పెట్టారు. అవి గడ్డకట్టాయంటే కుళ్ళిపోతాయి. నాటుకోడానికి ఒక్క దుంప మిగలదు. ఊరు పస్తే.

దుంపలు పెట్టింది ఆశ్రమానికి ఎడంగా ఉన్న పాత జీపు షెడ్డులో. జీపు ఎప్పుడో పోయింది, షెడ్డు మిగిలింది. సోమలింగం కోనసీమ మనిషి, మంచుకొండలకొచ్చి రెండేళ్ళే. చలి పోవాలంటే నిప్పుండాలి, అతనికి తెలిసిందల్లా అదే. కుంపటి పెట్టాడు. తలుపు సందుల్లో గోనెలు కుక్కాడు. గిన్నెడు నీళ్ళు నేలమీద పెట్టి, పొద్దున్నే గడ్డకట్టాయేమోనని వేలు ముంచి చూసుకునేవాడు.

నాలుగో పొద్దున వేలికి మీగడంత మంచు తగిలింది. కట్టెలు చూస్తే సగానికి దిగాయి.

అప్పుడే వచ్చింది చంద్రి, మేకలు కాసుకునే ముసలామె.

"బాబాజీ, మంచు బరువుకి నా పాక కూలింది. పదకొండు మేకలు. ఒకటి నిండు చూలు. ఈ షెడ్డులో కాస్త..."

"దుంపల పక్కన మేకలా? మతుండే అడుగుతున్నావా తల్లీ? పూటకో బస్తా నమిలేస్తాయి. ఊరికి నేనేం చెప్పుకోను?"

ఆమె శాలువా బిగించుకుని వెళ్ళిపోయింది.

గురువు చిదంబరస్వామి ఎండలో కూర్చుని కంబళి కుట్టుకుంటున్నాడు.

"స్వామీ, ఇంకో కుంపటి పెట్టాలి. కట్టెలు చాలవు."

"చంద్రి ఎందుకొచ్చింది?"

"మేకలకి చోటు కావాలట. కుదరదన్నాను."

స్వామి సూది కంబళికే గుచ్చి లేచాడు. షెడ్డులోకెళ్ళి ఒక బస్తా వీపునేసుకుని అటకెక్కించాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. రెండో బస్తాకి సోమలింగం వచ్చి పట్టాడు, మొహం మాడ్చుకునే. అన్నీ ఎక్కాక స్వామి నిచ్చెన తీసి బయట పెట్టాడు. కుంపటెత్తి శిష్యుడి చేతికిచ్చాడు.

"వంటింట్లో పెట్టు."

"గిన్నె గడ్డకడుతుంది స్వామీ!"

ఆయన అప్పటికే మంచులో దిగి నడుస్తున్నాడు. తిరిగొచ్చేటప్పుడు చూలు మేక ఆయన భుజాల మీదుంది. వెనక చంద్రి, ఆమె వెనక పది మేకలు.

తెల్లారగానే సోమలింగం షెడ్డుకి పరుగెత్తాడు. తలుపు తీస్తే వెచ్చగా మేకల వాసన మొహాన కొట్టింది. అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నాయి, మధ్యలో చంద్రి గురకపెడుతోంది. చూలు మేక ఈనింది. కూన ఇంకా తడి ఆరకుండా తల్లి కాళ్ళకింద వణుకుతోంది. తల్లి మూతి మాత్రం గిన్నెలో ఉంది.

సోమలింగం గొంతుక్కూచున్నాడు. అది తాగడం అయ్యేదాకా కదల్లేదు. తర్వాత తన కండువా తీసి కూన ఒళ్ళు తుడిచాడు.

స్వామి మళ్ళీ కంబళి ముందేసుకుని కూర్చున్నాడు.

"గిన్నె చూశావా?"

"చూశాను స్వామీ."

"గడ్డకట్టిందా?"

"లేదు. తాగేసింది."

స్వామి సూదిలో దారం ఎక్కించుకుంటూ అన్నాడు.

"అయితే నింపి పెట్టు."