గానుగ చుట్టూ తిరిగిన కెంపి

అనగనగా, మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పేనాటికే పాతబడిపోయిన కాలంలో, పులిగుండం అనే రాజ్యం ఉండేది. దాన్ని మాధవభూపతి అనే రాజు ఏలేవాడు. ఆయనకు ఏనుగుల మీద మోజు లేదు, వజ్రాల మీద మోజు లేదు. ఉన్న మోజంతా కుక్కల మీదే. నవ్వకండి పిల్లలూ. రాజన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది, ఈయనకు పట్టింది కాస్త మంచి పిచ్చి.

అవి వీధుల్లో తిరిగే కుక్కలు కావు, వేట జాగిలాలు. సన్నని నడుము, లోతైన ఛాతీ, పొడుగాటి కాళ్ళు. కోటలో కుక్క ఈనిందంటే, పాలు మరిచిన పిల్లల్ని రాజుగారు ఊళ్ళోని ఇళ్ళకు పంచేవాడు. నలుగురి మధ్య పెరిగిన కుక్కకే మనిషి మాట తెలుస్తుందని ఆయన నమ్మకం.

ఆ పిల్లలు ఎదిగాక, ఉగాది వెళ్ళిన పున్నమినాడు కోట ముందు జాగిలాల కొలువు తీరేది. అక్కడ పరుగు పందెం ఉండదు, కొట్లాట ఉండదు. కుక్క ఎలా నిలబడింది, ఒళ్ళు ఎలా ఉంది, ఎలా నడిచింది, ఈ మూడే చూస్తారు. మూడింటిలోనూ మేలనిపించుకున్న ఒక్క కుక్క, తనను పెంచిన ఇంట్లోనే ఉండిపోతుంది. మిగతావన్నీ ఆ సాయంత్రమే బండ్లెక్కి దూరపు అడవిలోని వేట శిబిరానికి వెళ్ళిపోతాయి. పెంచినవాళ్ళు వాటిని మళ్ళీ చూసేది లేదు.

ఆ ఊళ్ళో బసవక్క అనే గాండ్ల ఇల్లాలు ఉండేది. భర్త పోయాక నూనె గానుగ తనే ఆడించుకునేది. ఇంట్లో ఆమె, గానుగ లాగే బూడిదరంగు ముసలి మైల ఎద్దు, అంతే. ఒక ఏడు కోట భటుడు వచ్చి ఎర్రటి కుక్కపిల్లను ఆమె ఒళ్ళో పెట్టి పోయాడు. నా తిండికే దిక్కు లేదంటే మళ్ళీ ఇదొకటా అని బసవక్క ఆ పూటంతా సణుగుతూనే ఉంది. సాయంత్రానికి అది నువ్వుల బస్తా మీద ముడుచుకుని పడుకుంటే, చలేస్తుందేమోనని తన పాత చీర కప్పింది. మర్నాటికి దానికి కెంపి అని పేరు పెట్టింది. నెల తిరక్కుండానే దానితో కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. అట్లా ఉంటుంది మరి!

కెంపి ఎదుగుతున్న కొద్దీ బసవక్కకు దిగులు పట్టుకుంది. కొలువులో ఇది నెగ్గకపోతే బండెక్కి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఇల్లు బోసిపోతుంది. ఆ మాట తలచుకుంటేనే ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఊళ్ళో ఇంకో రెండిళ్ళలోనూ కెంపి ఈడు కుక్కలున్నాయి. ఒకటి కనకలింగం శెట్టిగారింట్లో. ఆయనకు తెలిసిన ముద్దు ఒక్కటే, తిండి. మూడు పూటలా నెయ్యి పోసి కలిపిన అన్నం, పైన మీగడ పెరుగు. ఆ కుక్క అరుగు దిగడం ఎవరూ చూడలేదు. రెండోది దళవాయి పెద్దిరాజుగారింట్లో. ఆయన సైన్యాన్ని నడిపే మనిషి కదా, కుక్కనూ సైనికుడే అనుకున్నాడు. తెల్లవారింది మొదలు గుర్రం వెనకాల రాళ్ళ బాటలో పరుగో పరుగు. ఆగిందా, అదిలింపు.

బసవక్కకు నెయ్యి లేదు, గుర్రమూ లేదు. ఉన్నది గానుగ. కుక్కకు రోజూ నడక కావాలి, తనకు గానుగ వదిలి వెళ్ళే తీరిక లేదు. ఆలోచించి ఆలోచించి, కెంపి మెడకు పలుపుతాడు వేసి ఎద్దు పక్కనే గానుగ కాడికి కట్టేసింది. ఎద్దుతోపాటు కెంపీ తిరుగుతుంది. ఇటు నూనె దిగుతుంది, అటు కుక్కకు నడకా అవుతుంది. ఆహా, నా అంత తెలివైనది ఈ రాజ్యంలో లేదని మురిసిపోయింది. గాండ్లవాళ్ళకు తప్ప ఇంకొకరికి తట్టే ఉపాయమా అది!

నెలలు గడిచాయి. కెంపి కాళ్ళు గట్టిపడ్డాయి, ఛాతీ విచ్చుకుంది. చూసినవాళ్ళంతా బాగుంది బాగుంది అన్నారు.

ఒకనాటి మధ్యాహ్నం బసవక్క పలుపు విప్పి, పెరటి చివర నిలబడి కెంపిని పిలిచింది. అది గబగబా వచ్చింది, కానీ ఆమె దగ్గరికి కాదు, కుడిపక్కనున్న పశువుల కొట్టం దగ్గరికి. బసవక్క నవ్వింది. మళ్ళీ పిలిచింది. ఈసారీ కుడికే జరిగి జరిగి గడ్డివామిని గుద్దుకుంది. ఆమె కాస్త నవ్వింది. మూడోసారి పిలిచినప్పుడూ అంతే అయ్యేసరికి నవ్వు ఆగిపోయింది.

దగ్గరికి తీసుకుని రెండు చేతులతో తడిమింది. ఎడమ భుజం బలిసి బంతిలా ఉంది. కుడి భుజం చిక్కిపోయింది. వెన్ను సన్నగా కుడికి వంగింది.

ఎవరి కన్నో పడిందనుకుంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. పొయ్యిలో చిటపటలాడాయి గానీ భుజం తగ్గలేదు. నువ్వుల నూనె వెచ్చచేసి మర్దన చేసింది. ఒళ్ళు నిగనిగలాడింది గానీ వెన్ను తిన్నగా కాలేదు. చివరికి గానుగకే దండం పెట్టుకుని, నా కెంపిని బాగుచెయ్యమని ఏడ్చింది.

అప్పుడు మైల ఎద్దు నెమరు ఆపి నోరు విప్పింది. ఆ రోజుల్లో ఎద్దులు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, మనకే వినే ఓపిక లేదు.

"అమ్మా, దిష్టికీ దీనికీ ఏం సంబంధం? నన్ను చూడు. కాడి విప్పాక నేనెప్పుడైనా వాగుకు తిన్నగా నడిచానా? నా మెడ కుడికే వంగిపోయింది. రోజూ చూస్తావు గనక నీకు కనిపించదు."

బసవక్క చూసింది. నిజమే. పొద్దస్తమానం ఒకే వైపు తిరిగి తిరిగి ఆ ఎద్దు మెడ పక్కకు ఒరిగిపోయి ఉంది. ఎడమ మూపు పెద్దది, కుడి మూపు చిన్నది. ఇన్నేళ్ళు దాని కళ్ళకు గంతలు కట్టింది తనే. ఆ గంతలు తన కళ్ళకూ ఉన్నాయని ఆమెకు అప్పుడు తెలిసింది. ఎద్దు కాళ్ళ దగ్గర కూలబడి, సిగ్గుతో చాలాసేపు తలెత్తలేకపోయింది.

"నాది ముసలి ఒళ్ళు, ఇక మారదు. అది పిల్ల. దాని వెన్ను ఇంకా చెప్పిన మాట వింటుంది," అంది ఎద్దు.

కొలువుకు ఇంకా రెండు నెలలే గడువుంది. బసవక్క కంగారుగా లేచింది. అయితే రేపట్నుంచి పొద్దుగూకేదాకా ఎడమవైపు తిప్పుతాను, లెక్క సరిపోతుందని బయల్దేరింది. ఎద్దు నవ్విందట. అప్పుడు ఎడమకు వంగిన కుక్క తయారవుతుంది తల్లీ, నెలల తరబడి చేసిన తప్పును తొందరలో దిద్దాలనుకోకు అని చెప్పిందట.

ఆ మాట బసవక్క చెవిలో నిలిచిపోయింది. మర్నాటి నుంచి పొద్దున్నే, గానుగ కట్టకముందే, కెంపిని వాగు ఒడ్డుకు తీసుకువెళ్ళేది. తడి ఇసుకలో తిన్నగా నడిపించేది. వెనక్కి తిరిగి అడుగుల జాడ చూసుకునేది. కాళ్ళు కుదురుకున్నాక చిన్న గుట్ట ఎక్కించేది, అదీ పరుగు కాదు, హుషారైన నడక. ఎండ ముదిరితే వాగులో ఈత. నీళ్ళల్లో ఒంటి బరువు తెలియదు గనక చిక్కిన భుజం కూడా నొప్పి లేకుండా పనిచేసేది. కెంపి అలిసిందనిపిస్తే ఆ రోజుకు అంతే, ఇంటికి. మధ్యమధ్య ఒక రోజు పూర్తిగా పడక. తిండికి జొన్న సంకటి, మజ్జిగ, ఒక గుడ్డు.

ఇంకో పని కూడా చేసింది. వడ్రంగిని పిలిపించి కాడి మార్పించి, ఎద్దు ఒకనాడు కుడికీ ఒకనాడు ఎడమకీ తిరిగేట్టు చేయించింది. నూనె కాస్త తగ్గింది. తగ్గితే తగ్గనీ అనుకుంది.

కనకలింగం శెట్టి అరుగు మీద కూర్చుని, ఏం బసవక్కా, కుక్కను షికారుకు తిప్పుతున్నావా, షికారుతో కొలువులు నెగ్గుతారా అని వేళాకోళం ఆడేవాడు. ఆమె కెంపిని తీసుకుని వాగు దారి పట్టేది. మొదటివారం ఏ మార్పూ లేదు. రెండోవారమూ లేదు. మానేద్దామా అని ఎన్నిసార్లు అనిపించిందో! అప్పుడొకనాడు ఇసుకలో జాడ చూస్తే, కుడికి జరగడం కొంచెం, గోరంత, తగ్గింది. బసవక్క ఆ జాడ పక్కనే కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

కొలువు నాడు కోట ముందు ఇసకేస్తే రాలనంత జనం. రాజుగారి పక్కన ముసలి వేటనాయకుడు బొల్లప్ప నిలబడ్డాడు. కుక్కల ఎంపిక ఆయనదే.

మొదట నిలబెట్టి చూశాడు. శెట్టిగారి కుక్క నేతి మెరుపుతో ధగధగలాడింది. జనం అబ్బా అన్నారు. తర్వాత చేత్తో తడిమాడు. శెట్టిగారి కుక్క పక్కల్లో వేళ్ళు మెత్తగా దిగబడ్డాయి, ఎముక ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. దళవాయి కుక్క డొక్కలు బయటికే లెక్కకొచ్చాయి, అరికాళ్ళు పగిలి ఉన్నాయి. కెంపి దగ్గర ఆయన చేతులు కాసేపు ఆగాయి.

ఇక మూడోది నడక. చదును చేసి నీళ్ళు చల్లిన ఇసుక మీద కుక్కను నడిపించాలి. దాని జాడే సాక్ష్యం.

బసవక్క పక్కన నిలబడ్డ భటుడు ఆమె కంగారు చూసి జాలిపడి ఆమె చెవిలో ఒక ఉపాయం ఊదాడు. పలుపు ఎత్తి పట్టుకుని బిగించి లాగితే చాలట, ఎంత వంకర నడకైనా తిన్నగా కనిపిస్తుందట, ఇంతకు ముందు తమ కుక్కలను నడిపించిన ఆ ఇద్దరూ అదే చేశారట. బసవక్క పలుపు బిగించింది. కెంపి గొంతు బిగుసుకుని దగ్గింది, ఆమె మొహంలోకి చూసింది.

పలుపు వదిలితే కెంపిని పోగొట్టుకోవచ్చు. సాయంత్రానికి బండి, రేపటికి బోసి ఇల్లు. అన్నీ తెలుసు ఆమెకు. అయినా పలుపు వదులు చేసింది.

కెంపి తోక ఎత్తి హాయిగా నడిచింది. వెళ్ళేటప్పుడు జాడ గీత గీసినట్టుంది. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కచోట కుడికి కొంచెం జరిగి, తనంతట తనే సర్దుకుంది.

బొల్లప్ప వంగి చూశాడు. ఇక్కడ ఎందుకు జరిగిందని అడిగాడు. బసవక్క దాచలేదు. గానుగకు కట్టి ఒకే వైపు తిప్పానని, దాని వెన్ను తనే వంచానని, రెండు నెలలుగా దిద్దుతున్నానని, ఇంకా పూర్తి కాలేదని అంతమంది ముందూ చెప్పేసింది. కనకలింగం శెట్టి పకపకా నవ్వాడు. ఆయన్ని చూసి జనమూ నవ్వారు.

రాజుగారు నవ్వలేదు. "తప్పుందని నువ్వే ఒప్పుకున్నావు. మరి ఈ కుక్కను నీ దగ్గర ఎందుకు ఉంచాలమ్మా?"

బసవక్క చేతులు జోడించింది. "ఉంచమని అడిగే మొహం నాకు లేదు ప్రభూ. ఎక్కడికి పంపినా సరే, దాన్ని ఒకే వైపు తిప్పొద్దని చెప్పి పంపండి. కుడి భుజం ఇంకా పుంజుకోవాలి. రోజూ కాసేపు నీళ్ళల్లో ఈదించమనండి."

కోట ముందు నవ్వులు ఆగిపోయాయి.

బొల్లప్ప రాజుగారి వైపు తిరిగాడు. "ప్రభూ, ఎడమ భుజం ఎక్కువుందని చేత్తో తడిమినప్పుడే నాకు తెలిసింది. ఆ రెండు కుక్కల జాడా చూడండి. ఒకదాని వెనక కాలు ముందు కాలి గుర్తుదాకా రాలేదు, కొవ్వు అడ్డం. రెండోది కాలు మోపలేక కుంటింది. కెంపి వెనక పాదం ముందు పాదం గుర్తులోనే పడింది, చేసిన సాధన మంచిది గనక. ఆ రెండింటి తప్పులు రేపటికి పెరుగుతాయి. దీని తప్పు రేపటికి ఉండదు."

రాజుగారు సింహాసనం దిగి వచ్చి, ఇసుకలో కూర్చుని కెంపి చెవులు నిమిరాడు. పలుపు అందుకుని, కెంపి నీ ఇంట్లోనే ఉంటుందని బసవక్క చేతిలో పెట్టాడు. కెంపి ఆమె చీర కుచ్చెళ్ళలో తల దూర్చి తోక ఆడిస్తూనే ఉంది.

మిగిలిన రెండు కుక్కలూ ఇప్పుడు అడవికి పనికిరావని, ఒళ్ళు కుదురుకునేదాకా బసవక్క దగ్గరే ఉండాలని రాజుగారు ఆజ్ఞ ఇచ్చాడు. దళవాయి తల వంచుకున్నాడు. కనకలింగం శెట్టి మొహం మాడిపోయింది. కానీ జనం వెళ్ళిపోయాక ఆయనే మెల్లగా బసవక్క దగ్గరికి వచ్చి, తన కుక్కను చూడ్డానికి అప్పుడప్పుడూ రావచ్చా అని అడిగాడు. రండి శెట్టిగారూ, కానీ నెయ్యి గిన్నె ఇంట్లో పెట్టి రండి అంది బసవక్క. పొద్దున్నే వస్తే వాగు ఒడ్డున ఆయనకూ కాస్త నడక అవుతుందని కూడా అంది.

మర్నాడు తెల్లవారాక బసవక్క మూడు కుక్కలతో వాగు దారి పట్టింది. వెనకాల ఆయాసపడుతూ శెట్టిగారు.

తప్పు చేయనివాళ్ళు ఎవరూ ఉండరు పిల్లలూ, ఆ తప్పును దాచకుండా ఒప్పుకుని రోజూ కొంచెం కొంచెంగా దిద్దుకునేవాళ్ళ చేతుల్లోనే ఏ ప్రాణమైనా తిన్నగా పెరుగుతుంది.