చింతలవంపు పాలవ్వ పొయ్యి

చింతలవంపు ఊరి చివర పెంకుటింట్లో వెలసిన పాలవ్వకు విగ్రహం లేదు. వంటగదిలోని మట్టిపొయ్యే అమ్మవారు. భక్తులు దానికే పసుపు రాసి, కుంకుమ పెట్టి మొక్కుతారు. ఆ ఇంట మాత్రం ఎవరూ కాపురం ఉండరు. ఎందుకు ఉండరంటే చౌడమ్మ కథ చెప్పాలి.

పూర్వం కరువు తరిమితే ఒక నేతపనివారి కుటుంబం ఇక్కడికి వలస వచ్చింది. వీరమల్లు, అతని భార్య చౌడమ్మ, వారి చిన్నపిల్ల రత్తి. ఊరి పెద్దలు వారికి ఈ ఖాళీ ఇల్లు చూపించి, "పాలు పొంగితే ఉండండి. పొంగకపోతే అవ్వ ఒప్పుకోనట్టే, పొద్దుగూకక ముందే పొలిమేర దాటండి" అన్నారు.

చౌడమ్మ పొయ్యి మీద పాలు పెట్టింది. మంట భగ్గున లేచింది గాని పాలు కాగలేదు. వేలు ముంచి చూస్తే బావినీళ్లలా చల్లగా ఉన్నాయి. బయట ఊరంతా ఎదురుచూస్తోంది. పోదామంటే దిక్కు లేదు, కాళ్లు పుండ్లుపడిన పిల్ల ఇంకో ఊరు నడవలేదు. తల్లి మనసు కదా, ఎంతకైనా తెగిస్తుంది. గరిటెతో కుండ వంచి, పాలు ఒలకబోసి, "అవ్వ ఒప్పుకుంది, పొంగాయి" అని కేకవేసింది.

మర్నాటి నుంచి రత్తి ఒళ్లు చల్లబడసాగింది. ఎండలో కూర్చోబెట్టినా వెచ్చబడలేదు. ఒక మధ్యాహ్నం పిల్ల పక్కనే చౌడమ్మకు కునుకు పట్టగా, కలలో పొయ్యి ముందు ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. "నేననని మాట అన్నానని ఊరికి చెప్పావు. ఇకమీదట నీ బిడ్డ మాట నేను చెబుతాను" అంది. ఉలిక్కిపడి లేచి చూస్తే రత్తి కళ్లు మూసుకునే ఉంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. "ఆకలేస్తోందే, చౌడీ" అంది, పండ్లూడిన ముసలిగొంతుతో.

చౌడమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లను చంకనేసుకుని పెద్దలున్న రచ్చబండకు పరుగెత్తింది. "పాలు పొంగలేదు, నేనే ఒంపాను. మమ్మల్ని వెళ్లగొట్టండి, నా బిడ్డ నాకు దక్కితే చాలు" అని నేలకు తల బాదుకుంది. అంతవరకు సంగతి తెలియని వీరమల్లు వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. ఆమె మాట పూర్తయ్యేసరికి పిల్ల ఒంట్లోకి వేడి వచ్చింది. "అమ్మా" అని ఏడ్చింది. ఆ సాయంత్రమే వారు మళ్లీ మూటలు నెత్తికెత్తుకున్నారు. ఆ తర్వాత ఆ ఇంట కాపురం పెట్టే ధైర్యం ఎవరూ చేయలేదు.

నేటికీ కొత్త ఇంట చేరబోయేవారు ముందుగా ఇక్కడ పాలు పెడతారు. కుండను ఎవరూ తాకరు. పొంగకపోతే పొంగలేదని వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పి, మరో ఇల్లు వెతుక్కుంటారు. అలా ఉన్నమాట చెప్పినవారి పిల్లలకు అవ్వ కాపుదల ఉంటుందని పెద్దల నమ్మకం. రత్తి కూడా నిండా బతికింది, పిల్లాపాపలతో వర్ధిల్లింది. కాని ఆమె "అమ్మా" అని పిలిస్తే చౌడమ్మ వెంటనే పలికేది కాదట. ఆ గొంతు ఎవరిదో విని, అప్పుడు పలికేదట.