వాగుకు ఇటు అమ్మ, అటు నాన్న

వాగుకు తూర్పున వేరుశనగ చేలు, పడమటన రాళ్లగుట్ట. చేల మధ్య ఉన్న కోళ్ల గూటికి నాగమల్లి అనే కుక్క కాపలా. గుట్ట మీద గొర్రెల దొడ్డికి గండయ్య అనే కుక్క కాపలా. ఒకప్పుడు ఆ దొడ్డి వాకిట్లోనే ఇద్దరూ ఒకే గోనెపట్టా మీద పడుకునేవాళ్లు. తర్వాత మాటా మాటా పెరిగింది. గుర్రుమన్నారు, కోరలు చూపించుకున్నారు. చివరికి చుట్టుపక్కల జంతువులన్నీ కూడి, ఇక కలిసి బతకమంటే వీళ్లు ఒకరినొకరు పీక్కు తింటారని తేల్చి, ఎవరి దారి వారిదన్నాయి. నాగమల్లి వాగు దాటి వచ్చేసింది.

వాళ్లకో కూతురు. పేరు తుమ్మెద. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, సన్నటి కాళ్లు. మనుషుల లెక్కలో చెప్పాలంటే పదిహేనేళ్ల పిల్ల. నాలుగు రోజులు తల్లి దగ్గర, మూడు రోజులు తండ్రి దగ్గర ఉండాలని పెద్దల తీర్పు.

ఇటు వస్తే తల్లి వాసన చూసేది. "మీ నాన్న నా గురించి ఏమన్నాడే?"

"ఏమీ అనలేదమ్మా."

"అనకుండా ఉంటాడా! నేనిక్కడ మహారాణిలా ఉన్నానని చెప్పు. నిన్న పస్తున్న సంగతి మాత్రం ఎత్తకు."

అటు వెళ్తే తండ్రి తోక ఊపుతూనే పక్కకు పిలిచేవాడు. "మీ అమ్మ బాగుందా తల్లీ? నేనడిగానని చెప్పకు సుమా. నాకసలు తను గుర్తే రావడం లేదని చెప్పు."

అబద్ధమాడకూడదని చిన్నప్పుడు చెవి కొరికి మరీ నేర్పింది వీళ్లిద్దరే. ఇప్పుడు మూతికి అబద్ధం కట్టి వాగు దాటిస్తున్నదీ వీళ్లిద్దరే. పోనుపోను తుమ్మెదకు అది అలవాటైపోయింది. ఎవరికి ఏది వింటే కడుపు నిండుతుందో అది చెప్పేది. దానికి నాలుక తడబడడం కూడా మానేసింది.

దాని కడుపు మాత్రం నిండేది కాదు. సాయంత్రం పూట వాగు నడుమ ఇసకతిన్నె మీద కూర్చునేది. తూర్పు నుంచి అమ్మ మొరుగు, పడమటి నుంచి నాన్న మొరుగు రెండూ వినపడే చోటు అదొక్కటే. ఒక్కోసారి రెండు గొంతులూ ఒకేసారి లేచేవి. అప్పుడు కళ్లు మూసుకుని, ముగ్గురూ ఒకే పట్టా మీద ఉన్నట్టు అనుకునేది.

ఆ కళ్లు మూసుకోవడాన్ని బుడ్డన్న నక్క గట్టు మీది నుంచి పది రోజులు కనిపెట్టింది. నాగమల్లి చేతిలో మూడుసార్లు తన్నులు తిన్న నక్క అది. పదకొండో రోజు మెల్లగా దిగి వచ్చింది.

"ఏం కోడలా, ఏటి గాలికి కూర్చున్నావా?"

"నీకెందుకు మామా?"

"నాకెందుకులే. కాని, మీ అమ్మానాన్నా విడిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అంత ప్రేమ పెట్టుకుని!"

తుమ్మెద చెవులు నిక్కాయి. "ప్రేమా? ఎక్కడుంది?"

"లోపలుంది. పంతం పైన మూత పెట్టింది. ఆ మూత తీసేవాళ్లు లేరంతే. రేపు మిట్టమధ్యాహ్నం మీ నాన్న దగ్గరికెళ్లి, అమ్మను పాము కరిచి వాగొడ్డున పడుందని చెప్పు. అట్నుంచి అమ్మ దగ్గరికెళ్లి, నాన్న కాలు విరిగి వాగొడ్డున పడున్నాడని చెప్పు. ఇద్దరూ పడుతూ లేస్తూ వస్తారు. ఒకర్నొకరు చూసుకుంటారు. ఇంకేముంది!"

"అబద్ధం కదా మామా?"

నక్క నవ్వింది. "ఇన్నాళ్లూ వాళ్లను విడదీసే అబద్ధాలు మోశావు. కలిపే అబద్ధం ఒక్కటి మోయలేవా? నేనూ వచ్చి తంగేడు పొద చాటునుంచి చూసి కళ్లు చల్లబరుచుకుంటాను."

ఆ ఒక్క మాటతో తుమ్మెద పడిపోయింది.

మర్నాడు కాపరి మందను తోలుకుని మేతకు వెళ్లాడు. దొడ్లో పసి గొర్రెపిల్లలే ఉన్నాయి. రైతు అన్నం తినడానికి ఇంటికెళ్లాడు. తుమ్మెద రెండు చోట్లా రెండు మాటలు చెప్పింది. వినగానే గండయ్య దొడ్డి గోడ మీది నుంచి దూకాడు. నాగమల్లి సగం తిన్న ముద్ద వదిలేసి పరుగెత్తింది. "పాపిష్టివాడు, ఎక్కడ పడ్డాడో!" అని ఏడుస్తూనే పరుగెత్తింది. వెనకాల వస్తున్న తుమ్మెదకు ఆ ఏడుపు పాటలా వినిపించింది.

వాగొడ్డున ఇద్దరూ ఎదురుపడ్డారు.

"నీకు పాము..." అన్నాడు గండయ్య రొప్పుతూ.

"నీకు కాలు..." అంది నాగమల్లి.

ఒకరి కాళ్లు ఒకరు చూసుకున్నారు. నాగమల్లి అతని చుట్టూ తిరిగి వాసన చూసింది. "చిక్కిపోయావేం?" అంది. గండయ్య తల దించుకున్నాడు. "నువ్వూ అంతేగా" అన్నాడు. తర్వాత ఎందుకో ఇద్దరూ నవ్వారు.

తంగేడు పొద చాటు నుంచి తుమ్మెద చూస్తోంది. ఎన్ని నెలలైంది ఆ నవ్వు విని! పక్కకు తిరిగి, "చూశావా మామా" అనబోయింది. పక్కన మామ లేడు. తడి ఇసకలో నక్క అడుగులున్నాయి. అవి పొద దగ్గర ఆగనే లేదు. సూటిగా కోళ్ల గూటివైపు సాగిపోయాయి.

దానికి సంగతి అర్థమైంది. ఇప్పుడు నోరు విప్పితే ఆ నవ్వు ఆగిపోతుంది. ఇంకొక్క క్షణం, అనుకుంది. ఇంకొక్కటి. మూడో క్షణానికి దానికి అమ్మ గుర్తొచ్చింది. ఒక్క కోడిపిల్ల తప్పిపోతే నాలుగు చేలు వెతికే అమ్మ. తుమ్మెద పొదలోంచి బయటికి వచ్చింది.

"అమ్మా, పాము లేదు. నాన్నా, కాలు విరగలేదు. నేనే అబద్ధమాడాను. నక్క నేర్పింది. అది ఇప్పుడు గూటి దగ్గరుంది."

నవ్వు ఆగిపోయింది.

"ఇదీ మీ నాన్న పెంపకం!" అంది నాగమల్లి.

"మీ అమ్మ నేర్పిన బుద్ధే ఇది!" అన్నాడు గండయ్య.

"ఇద్దరూ నేర్పారు!" అని అరిచింది తుమ్మెద. "అక్కడ చెప్పకని అమ్మ, ఇక్కడ చెప్పకని నువ్వు! మీ ఇద్దరి మధ్యా నిజం చెప్పే చోటు నాకెక్కడుంది? ఆ తిట్లు తర్వాత తిట్టుకోండి. ముందు కోళ్లు!"

ముగ్గురూ పరుగెత్తారు. దారిలో తుమ్మెద అంది: "మొరక్కండి, పారిపోతుంది. అమ్మా, నువ్వు ముందు తలుపు దగ్గరుండు. నాన్నా, వెనక కంచె సందు దగ్గరుండు. నేను లోపలికెళ్తాను."

గూట్లో ఈకలు ఎగురుతున్నాయి. బయట కట్టేసిన వీరన్న ఎద్దు పలుపు తెంపుకోలేక రంకెలు వేస్తోంది. చుక్కల పెట్ట ప్రాణం అప్పటికే పోయింది. దాన్ని మూతిన కరిచి, బుడ్డన్న రెండోదాని కోసం చూస్తోంది. తర్వాత గొర్రెపిల్లల సంగతి కూడా చూద్దామని దాని ఆలోచన.

"మామా, అమ్మా నాన్నా వచ్చేశారు. ముందు తలుపు దగ్గర అమ్మ, కంచె సందు దగ్గర నాన్న."

నక్క కోడిని కింద పెట్టి కిసుక్కున నవ్వింది. "నాకే నేర్పుతున్నావా కోడలా? వాళ్లీపాటికి వాగొడ్డున సరసాలాడుకుంటూ ఉంటారు. పుట్టి బుద్ధెరిగి నువ్వెవరికైనా నిజం చెప్పావా?"

"ఈ రోజు నుంచి చెప్తున్నాను."

"చెప్పు, చెప్పు" అంటూ నక్క పెట్టను కరుచుకుని, దర్జాగా కంచె సందులో తల దూర్చింది. తల అవతలికి వెళ్లిందో లేదో గండయ్య కోరలు చెవి మీద పడ్డాయి. వెనక్కి గుంజుకుంటే, ముందు తలుపులోంచి దూసుకొచ్చిన నాగమల్లి నోట్లో తోక ఉంది. ముందుకూ పోలేక వెనక్కూ రాలేక బుడ్డన్న పెట్టిన కేకలకు కాకులు లేచిపోయాయి. ఒక చెవీ, సగం తోకా అక్కడే వదిలి వాగుకు అడ్డంపడి పోయింది. మళ్లీ ఆ చేలవైపు చూడలేదు.

చచ్చిన పెట్ట దగ్గర నాగమల్లి చాలాసేపు నిలబడింది. అప్పుడు కూతుర్ని కసరబోతే వీరన్న ఎద్దు నెమరు ఆపి అంది: "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని సామెత కట్టింది మా మీదే అయినా, అది మీకూ వర్తిస్తుందమ్మా."

నాగమల్లి కూతుర్ని వదిలి పక్కకు తిరిగింది. కంచె దగ్గర గండయ్య కుంటుతున్నాడు. పాదంలో తుమ్మముల్లు దిగింది. నాగమల్లి వెళ్లి, పళ్లతో ముల్లు లాగి, ఆ చోట రెండుసార్లు నాకింది. తుమ్మెద వాళ్ల దగ్గరికి జరిగింది.

"నాన్న ఇక్కడే ఉండిపోకూడదా అమ్మా?"

నాగమల్లి గండయ్యను చూసింది. గండయ్య నాగమల్లిని చూశాడు. ఈసారి ఇద్దరూ నిజమే చెప్పారు.

"ఉండనమ్మా" అన్నాడు గండయ్య. "రెండు రోజులు నవ్వుతాం. మూడో రోజు మళ్లీ కోరలు చూపించుకుంటాం. మనసులు విరిగాయి తల్లీ, అతకవు. కాని మీ అమ్మ కాపలా కాసినట్టు ఈ చుట్టుపక్కల ఎవరూ కాయలేరు. ఈ మాట నీకు ఎప్పుడో చెప్పాల్సింది."

"మీ నాన్న చెడ్డవాడు కాదే" అంది నాగమల్లి, నేల చూస్తూ. "నీతో చెప్పించిన మాటలన్నీ నా ఉక్రోషం. ఇక ఏదైనా ఉంటే నేనే వాగు దాకా వచ్చి చెప్పుకుంటాను. నిన్ను మోయమనను."

తుమ్మెద తల ఊపింది. అడిగింది దొరకలేదు. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. దాని కన్నీళ్లు ఇటు నుంచి తల్లీ అటు నుంచి తండ్రీ నాకారు. తర్వాత దొడ్లో గొర్రెపిల్లలు ఒంటరిగా ఉన్నాయని గండయ్య కుంటుకుంటూ బయల్దేరాడు. వేరుశనగ చాళ్ల మీదుగా అతని వీపు చిన్నదై, గుట్ట రాళ్లలో కలిసిపోయేదాకా తల్లీ కూతుళ్లు పక్కపక్కనే నిలబడి చూశారు. ఇద్దరిలో ఎవరు ముందు చూపు తిప్పుకున్నారో వీరన్న ఎద్దుకు కూడా తెలియలేదు.

నీతి: అమ్మానాన్నలు విడిపోతే పిల్లకు ఇళ్లు రెండు కావచ్చు గాని, నిజం రెండు కాకూడదు.