తాటాకు మీద ఎలుగు

పంతొమ్మిది వందల డెబ్బై రెండో సంవత్సరం, రోహిణి కార్తె. కొండ మీద గడ్డి ముట్టుకుంటే పొడి అయ్యేంతగా ఎండింది. ఎండిపోయిన ఏటి గట్టున నీళ్లున్న చెలమ ఒక్కటే మిగలడంతో అడవంతా అక్కడికే చేరేది.

వచ్చినవాటికి నక్క బొమ్మలాట చూపించేది. ఒకే కొలతకు కోసిన తాటాకుల మీద బొగ్గుతో బొమ్మలు గీసి, కట్టగట్టి, అంచుల్ని గోటితో జరజరా వదిలితే బొమ్మలు పరుగెత్తేవి. అందులో నక్క ఎప్పుడూ మంత్రి, నెమలి ఎప్పుడూ రాణి. ఎలుగు మాత్రం తిండిపోతు. బండ కింద పడి అప్పడంలా అణిగి మళ్లీ లేచేది. కుందేలు పిల్లల్ని నోట కరుచుకుని పారిపోతూ తన్నులు తినేది. అడవిపిల్లి మూతికి మసి పూసుకుని, వెనక నిలబడి ఎలుగులా గొణిగేది. చూసినవన్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవి.

అసలు ఎలుగు తినేది చెదపురుగులు, ఇప్పపూలు. ఒకరోజు అది నక్కను నిలదీసింది.

“ఏరా, నేను ఎవరి పిల్లని తిన్నాన్రా?”

“ఆటలో తిన్నావు మామా. ఆటను ఆటలా చూడాలి.”

“పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పోనీ, ఒక్క కట్టలో నన్ను తిన్నగా నడిపించు. నా మాట నన్నే చెప్పనీ.”

“తిన్నగా నడిస్తే ఎవడు నవ్వుతాడు? గొంతంటావా, నీది ఎలుగు గొంతులా లేదు మామా. పిల్లిదే బాగా కుదిరింది.”

అన్నీ పగలబడి నవ్వాయి. కుందేలు కూడా నవ్వింది.

మూడోనాటి మధ్యాహ్నం పడమటి వాలున గడ్డి అంటుకుంది. పొగ వాసన ముందు ఎలుగుకే తగిలింది. చెలమ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“మంట! గాలి ఇటే కొడుతోంది. లేవండి!”

“వచ్చిందిరోయ్ తాటాకు ఎలుగు!” అంది అడవిపంది. “పడు మామా, పడి దొర్లు!”

“ఇవాళ ఆకుల్లేకుండానే ఆట,” అంది నక్క.

ఎలుగు పక్కకు ఉరికింది. చెలమ పక్క పొదలో కుందేలు పిల్లలు అయిదున్నాయి, ఇంకా పరుగు రానివి. ఒకదాన్ని మెత్తగా నోట కరుచుకుని ఏటి ఇసుక వైపు తిరిగింది.

“నా బిడ్డను తినేస్తోంది!” అని కుందేలు కేక పెట్టింది.

రోజూ బొమ్మల్లో చూసిందే కదా, ఎవరికీ అనుమానం రాలేదు. పంది కోరతో పొడిచింది. దుప్పి కొమ్ముతో మొహం మీద కుమ్మింది. ఎలుగు పిల్లను కింద పెట్టింది.

“తినడానికి కాదే తల్లీ, ఇసుకలో దాస్తాను.”

కుందేలు పిల్లను లాక్కుని మళ్లీ పొదలోనే పెట్టింది. నెత్తురోడుతూ ఎలుగు ఒంటరిగా ఏట్లోకి దిగింది.

దాన్ని తరిమిన సంబరంలో నక్క కొత్త బొమ్మ మొదలుపెట్టింది. అది పూర్తి కాకముందే మంట గట్టు మీదికి వచ్చేసింది. అన్నీ ఇసుకలోకి ఉరికాయి. నక్క మాత్రం తాటాకుల కట్ట కోసం వెనక్కి వెళ్లింది.

పొగ తగ్గాక కుందేలు ఎలుగు ముందు కూలబడింది.

“నువ్వు చెప్పావు కదా మామా!”

“చెప్పింది నేనే తల్లీ. మీకు వినబడింది పిల్లి గొంతు.”

ఒకరి బొమ్మను చూసి నవ్వడం అలవాటైతే, ఆ ఒకరి కేక చెవికెక్కదు.

ఆ మంటలో కుందేలు పిల్లలు అయిదూ, నక్కా చచ్చిపోయాయి. దుప్పి కొమ్ము తగిలి ఎలుగుకు ఎడమ కన్ను పోయింది.