లేచేటప్పుడు అన్న మాట

నాలుగు రోజులుగా పైడమ్మ ఎవరితోనూ మాట్లాడడం లేదు. డాక్టర్ నిరంజన్‌కి అది గొంతులో ముల్లులా ఉంది.

పైడమ్మది పార్వతీపురం దగ్గర కొండకింద పల్లె. కడుపులో కాన్సర్‌తో ఆసుపత్రిలో చేరింది. రోగి దగ్గర ఏదీ దాచకూడదని నమ్మినవాడు కనుక, బుధవారం నాడు నిరంజన్ ఆవిడ మంచం పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. జబ్బు తగ్గదనీ, ఇకమీదట నొప్పికి మాత్రమే మందులిస్తామనీ. మెత్తగానే చెప్పాడు, పాపం. ఆవిడ అంతా విని తలూపింది. అతను లేచాక గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పటినుంచి గంజి ముట్టదు. నొప్పి ఎక్కడో చెప్పదు. చెప్పకపోతే ఏ మందు ఎంత ఇవ్వాలో తెలీదు.

ఆ ఆసుపత్రిలో ఆదివారం నాలుగింటికి ఆరుగురు కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటారు. నడిపేది ఇమ్మానుయేలు మాస్టారు. రిటైరైన డాక్టరు, ఎనభై ఒక్కేళ్లు. నిరంజన్‌కి నాడి చూడడం నేర్పింది ఆయనే.

ఆ వారం నవలలో ఒక డాక్టరు, చావుకి దగ్గరపడ్డ పడవల మేస్త్రితో "నీకు నయమైపోతుంది" అని చివరిదాకా అబద్ధమే చెబుతాడు.

నిరంజన్ ఆ డాక్టర్ని బోనెక్కించాడు. తనే ప్లీడరు, తనే జడ్జి. "నిజం తెలుసుకోవడం రోగి హక్కు. దాచినవాడు పిరికివాడు" అని తీర్పు కూడా చెప్పేశాడు.

నర్సు గున్నమ్మ ఊరుకోలేదు. "నిజం చెప్పీసి మీరేటి సాధించారు డాక్టరుగారూ? పైడమ్మ మూగదైపోయింది కదా."

నిరంజన్ మొహం వాడిపోయింది.

"అయితే అబద్ధం చెప్పమంటారా మాస్టారూ?" అన్నాడు. అడగడంలో వాదన లేదు, దుఃఖమే ఉంది.

మాస్టారు పుస్తకం మూశారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. గొడుగు అందుకుని లేచారు.

"సరే. ఇక నేను వెళ్తాను."

గున్నమ్మ ఉలిక్కిపడింది. "అదేటి మాటండీ ఈ వయసులో. వెళ్ళొస్తాననండి."

"వెళ్తున్నాను కదమ్మా. నిజమే చెప్పాను."

"నిజమైతే మాత్రం? అలాగనీసి ఎవరైనా గుమ్మం దాటతారేటి? ముందు కూర్చోండి. మంచినీళ్లు తాగి అప్పుడు లేవండి."

మాస్టారు బుద్ధిగా కూర్చుని నీళ్లు తాగారు. అందరూ నవ్వారు. నిరంజన్ కూడా నవ్వాడు.

మాస్టారు గ్లాసు కింద పెట్టి అతనివైపు చూశారు. "బుధవారం పైడమ్మ దగ్గర లేచేటప్పుడు ఏమన్నావు?"

నిరంజన్ నవ్వు ఆగిపోయింది. 'చేయాల్సిందంతా చేశామమ్మా. ఇక నేను వెళ్తాను.' ఆ మాటే అన్నాడు. అన్నట్టే చేశాడు కూడా. మర్నాటి నుంచి రౌండ్స్‌లో ఆవిడ కాళ్ల దగ్గరే నిలబడి, కాగితం చూసి, పక్క మంచానికి వెళ్లిపోతున్నాడు. చేసేదేమీ లేదు కదా అని.

అతనికి సిగ్గేసింది.

"ఆ పుస్తకంలో డాక్టరు అబద్ధాలకోరే" అన్నారు మాస్టారు, గొడుగు మళ్లీ అందుకుంటూ. "కానీ రోజూ వచ్చాడు."

ఈసారి గుమ్మం దగ్గర ఆగి, గున్నమ్మకి వినపడేలా "వెళ్ళొస్తాను" అన్నారు.

నిరంజన్ నేరుగా వార్డుకి వెళ్లాడు. పైడమ్మ గోడవైపే ఉంది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జబ్బు గురించి ఎత్తలేదు. ఎండిపోయిన పెదాలకి తడిగుడ్డ అద్దాడు. ఆవిడ వద్దనలేదు, ఇటు తిరగనూ లేదు. చాలాసేపు అలాగే కూర్చుని, లేచాడు.

"వెళ్ళొస్తానమ్మా."

దుప్పటి కదిలింది. పైడమ్మ మెల్లిగా ఇటు తిరిగింది.

"మరెప్పుడొస్తావు బావూ?"

"రేపు పొద్దున్నే."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. తర్వాత అతని చెయ్యి పట్టుకుని ఎడమవైపు డొక్క కింద పెట్టుకుంది.

"ఇక్కడ" అంది.

నిరంజన్ మళ్లీ కూర్చున్నాడు.