మూడు బ్లేడ్ల తూకం

అనగనగా అనేది నేను, ఊఁ కొట్టేది నువ్వు. మధ్యలో నిద్రపోయావంటే మిగతా కథ దిండుకి చెప్పుకోవాల్సొస్తుంది, చూసుకో మరి.

ఒక ఊళ్ళో వీరభద్రాచారి అని ఒక వడ్రంగి ఉండేవాడు. ఇంటి వెనక రేకుల పాకలో ఆయన పని. ఆ పాకలో ఒక చిత్రిక మిషను ఉండేది. గరుకు చెక్కని ఇటునుంచి తోస్తే అటునుంచి నున్నగా వచ్చేది. దాని పొట్టలో ఒక ఇనప దిమ్మ గిరగిరా తిరిగేది. ఆ దిమ్మకి మూడు బ్లేడ్లు.

ఆయనకి ఒక్కతే కూతురు, భ్రమరాంబ. మహా పట్టుదల మనిషి. నాకు అలాంటి వాళ్ళంటే భలే ఇష్టం.

కొన్నాళ్ళకి ఆచారిగారికి చేతులు వణకడం మొదలైంది. "ఇంక మిషను అమ్మేస్తానమ్మా" అన్నాడు.

అప్పుడు భ్రమరాంబ, "ఒక్క తలుపు నన్ను చెయ్యనివ్వండి నాన్నా. బాగా రాకపోతే అమ్మేద్దురుగాని" అంది.

"సరే. కానీ నేను నోరు విప్పను. తెలిసినా చెప్పను" అన్నాడాయన. అలాంటి మనిషి. నేనైతే ఆ మాటకి రెండ్రోజులు అన్నం వడ్డించకపోదును.

ఆ తర్వాత పంతులమ్మ రాజ్యలక్ష్మిగారు ఒక పాత దూలం పంపించింది. అది వాళ్ళ పుట్టింటిది. దాంతోనే తన కొత్తింటికి తలుపు కావాలంది. వారంలో గృహప్రవేశం.

భ్రమరాంబ దూలాన్ని పలకలుగా కోయించి, మొదటి పలక మిషనులో పెట్టింది. టప్పుమని చప్పుడు. పలకలో పాత మేకు ఒకటి దాక్కుని ఉంది. అది తగిలి ఒక బ్లేడు అంచు గోరంత ఎగిరిపోయింది. మిగతా రెండూ బతికిపోయాయి. ఆచారిగారు గుమ్మంలో కూర్చుని అంతా చూశాడు.

అప్పుడు భ్రమరాంబ తొందరపడింది. మేకు పీకేసి, కరెంటు సానరాయి తిప్పి, ఆ బ్లేడుని విప్పి దానికి గట్టిగా అదిమింది. నిప్పురవ్వలు లేచాయి. నొక్కు పోయింది, కానీ అంచు నెమలి కంఠం రంగుకి తిరిగింది. చూడ్డానికి అందమే. అంత వేడెక్కితే మాత్రం ఆ ఇనుము మెత్తబడి ఇక పదును నిలబడదు. మళ్ళీ బిగించి నాలుగు జానల చెక్క లాగేసరికి బ్లేడు మొద్దుబారింది.

ఆ తర్వాత ఆ పిల్ల కరెంటు జోలికే పోలేదు. మామూలు సానరాయి ముందు పీట వేసుకుంది. చెంబుతో నీళ్ళు పోసుకుంటూ, నీలం అంతా పోయేదాకా నూరింది. పొద్దున కూర్చున్న మనిషి సాయంత్రానికి లేచింది. వేళ్ళ చివర్లు ఒరుసుకుపోయాయి. ఆ ఓపిక తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు. ముంజేతి మీద పెట్టి గీస్తే వెంట్రుకలు రాలిపోయాయి, అంత పదును.

మర్నాడు బిగించి తిప్పింది. మిషను గడగడా ఊగిపోయింది. పలక మీద అలలు అలలుగా గీతలు. భ్రమరాంబకి ఏడుపొచ్చింది. పాక వెనక్కి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. అప్పుడు మూడు బ్లేడ్లూ విప్పి చేతిలో పట్టుకుని చూసింది. ఒకటి అరిగి తేలికైపోయింది. అందుకే దిమ్మ సమంగా తిరగడం లేదు.

వెంటనే కంసాలి సోమలింగంగారింటికి వెళ్ళింది. "బాబాయ్, మీ త్రాసు ఒకసారి కావాలి" అంది.

"బంగారం తూచే త్రాసులో ఇనుమేమిటమ్మాయ్" అన్నాడాయన. కానీ ఆ పిల్ల మొహం చూసి మనసాగలేదు. రెండు పళ్ళేల్లోనూ ఒక్కో తమలపాకు వేసి, వాటి మీద బ్లేడ్లు పెట్టాడు. తేలిక బ్లేడు వైపు ముప్పై గురివింద గింజలు వేస్తేగాని పళ్ళేలు సమానం కాలేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. బాగున్న రెండు బ్లేడ్లనీ చేజేతులా అరగదియ్యాలి. ఎంత గుండె ధైర్యం కావాలో చూడు. తేడా వస్తే మూడూ పోతాయి, మిషనూ పోతుంది. అయినా భ్రమరాంబ మళ్ళీ పీట వేసుకుంది. కాసేపు నూరడం, సోమలింగంగారింటికి వెళ్ళి తూచడం, మళ్ళీ వచ్చి నూరడం. ఒకసారి పన్నెండు గింజల తేడా. రెండోసారి మూడు గింజలు. మూడోసారి ముల్లు మధ్యలో నిలబడింది. సోమలింగంగారు కళ్ళజోడు తీసి, "నా చేతి పనిలో కూడా ఇంత కచ్చితమైన తూకం చూడలేదమ్మాయ్" అన్నాడు.

ఆ తర్వాత మిషను తిప్పితే ఊగలేదు. పలకలు ఒక్కొక్కటే అవతలికి వచ్చాయి. ఆచారిగారు లేచి, వణికే చేతిని పలక మీద ఈ చివర్నుంచి ఆ చివరికి పోనిచ్చాడు. ఎక్కడా గీత తగల్లేదు.

మిషను అమ్మనని ఆయన అనలేదు. లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి, తన చేతి చిత్రిక తెచ్చాడు. నలభై ఏళ్ళుగా ఆయన దాన్ని ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వలేదు. భార్యని కూడా. దాని బ్లేడు ఊడదీసి కూతురి చేతిలో పెట్టాడు.

"దీనికి కూడా నువ్వే పదును పెట్టమ్మా" అన్నాడు.

తలుపు గుమ్మానికి, త్రాసు కంసాలికి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్దరకి.